స్వామ్యమును నిర్వాహమును : భారతమున తండ్రీకొడుకుల గృహవ్యవహారము

ధృతరాష్ట్రుని స్వభావమును నిరూపింపుమని పరీక్షాపత్రమున నడిగినప్పుడు విద్యార్థులు వ్రాయు సమాధానములు ఇంచుమించుగ నొక్కటిగనే యుండును. అతడు పుట్టుగ్రుడ్డి, పుత్రవ్యామోహమువలన లోచూపును గూడ కోలుపోయెను, ఆ వ్యామోహమే కులనాశనమునకు హేతువయ్యెను. ఈ సమాధానము తప్పని చెప్పుటకు వీలులేదు. అయినను ఏటేట దీనిని దిద్దుచు మార్కులు వేయు మాకు ఇందేదో లోపించినదను శంక చిరకాలముగ కలదు. కొడుకును ప్రేమింపని తండ్రి అరుదు. వ్యామోహమే కారణమైనచో ప్రతి గృహమును కురుక్షేత్రము కావలసినదే కదా! అన్ని యిండ్లను చెఱుపని ప్రేమ ఈ యింటిని మాత్రమేల చెఱచెను? ఈ ప్రశ్నకు సమాధానము ప్రేమయందు గాక, ఆ యింటి వ్యవహారము నడచిన తీరునందు వెదకవలెనని మా యభిప్రాయము. ఆస్తి యెవరిది, దానిని నడపువారెవరు, ఇచ్చుటకును ఇయ్యకుండుటకును అధికారమెవరిది అను మూడు ప్రశ్నలను బట్టి భారతములోని తండ్రీకొడుకులను పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

1

ఇట్టి పరిశీలనమునకు పూనుకొనుటకు తెలుగు సాహిత్యచరిత్రయే మనకొక యాధారమిచ్చుచున్నది. పదమూడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వము మొదలుగ పదునైదు పర్వములను తెనిగించెను. ఆయనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన మూలఘటిక కేతనయే విజ్ఞానేశ్వరీయమును రచించెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరావ్యాఖ్యకు అది తెనుగు. ఆ విజ్ఞానేశ్వరుడు 1076 మొదలు 1126 వఱకు కల్యాణమున రాజ్యమేలిన చాళుక్య ఆఱవ విక్రమాదిత్యుని కాలమువాడు. అనగా కౌరవుల దాయాదివైరమును కావ్యముగ వినిన ఆంధ్రసమాజమే, దాదాపు అదే కాలమున, అదే కవిమండలినుండి, దాయవిభాగమును ధర్మశాస్త్రముగ గూడ వినినది. తిక్కన కేవలము కవి కాడు. నెల్లూరి మనుమసిద్ధికి మంత్రి. అక్కన బయ్యనలను జ్ఞాతులు మనుమసిద్ధి రాజ్యము నపహరింపగా, తిక్కన ఓరుగల్లునకేగి కాకతి గణపతిదేవుని సాయమర్థించెనను కథ ప్రసిద్ధము. దాయాదుల తగవు ఆయనకు గ్రంథములలో మాత్రమే చదివిన విషయము కాదు.

ఇచ్చట నొక జాగ్రత్త యవసరము. వ్యాసభారతమునకు మితాక్షర మిక్కిలి యర్వాచీనము. కావున దీనిని కొలమానముగ గొని దానిని కొలుచుట మా యుద్దేశము కాదు. రెండును చేతనున్న తెలుగు శ్రోతకు ఆ కథ ఎట్లు తోచియుండును అనునదియే మా ప్రశ్న. రాజ్యము గృహక్షేత్రముల వంటి ఆస్తి కాదనియు కొందఱాక్షేపింపవచ్చును. నిజమే. కాని భారతకథలోని పాత్రలే ఆ రాజ్యమును గూర్చి మాటాడునపుడు అంశము, దాయము, పిత్ర్యము అను కుటుంబవ్యవహారపు మాటలనే వాడుచుండుటచే మేమును ఆ మాటల వెంటనే పోవుచున్నాము.

2

మితాక్షర సిద్ధాంతమును సంగ్రహముగ చెప్పుకొందము. తాతనుండి సంక్రమించిన భూమియందును, నిబంధమను నియతాదాయమునందును, ద్రవ్యమునందును తండ్రికిని కొడుకునకును స్వామ్యము సమానము. కొడుకునకు ఆ స్వామ్యము తండ్రి మరణముచే గలుగునది కాదు, పుట్టుకచేతనే కలుగును. వంగదేశమున ప్రమాణమైన జీమూతవాహనుని దాయభాగము ఇందుకు భిన్నముగ, తండ్రి స్వామ్యము ముగిసిన పిదపనే కొడుకు స్వామ్యము పుట్టునని చెప్పినది. ఆంధ్రదేశమున నెలకొన్నది మితాక్షరపక్షమే.

అయితే పుట్టుకతో స్వామి యైన కొడుకు పుట్టుకతోడనే నిర్వాహకుడగుట లేదు. ఇంటి వ్యవహారము నడపువాడు తండ్రియే. ఆపత్కాలమునను, కుటుంబ ప్రయోజనమునకును, ధర్మకార్యమునకును ఆస్తిని వినియోగించు నధికార మతనికి కలదు. కాని తాతసొత్తును తండ్రి తన యిష్టము వచ్చినట్లు దానము చేయుటకుగాని విక్రయించుటకుగాని పూనుకొన్నచో, వలదని నిషేధించు నధికారము కొడుకునకు కలదు. తండ్రికి ఇష్టములేకున్నను తాతసొత్తున విభాగము కోరు హక్కును కలదు. తండ్రి చేసిన ఋణమును కొడుకు తీర్పవలెను; కాని మద్యమునకును, కామమునకును, జూదమునకును చేసిన ఋణమును తీర్పనక్కరలేదు.

ఈ నియమములన్నింటికిని వెనుక నొక్కటే సూత్రము కలదు. స్వామ్యమొకచోట, నిర్వాహమొకచోట నుండును. కావున ఆ రెంటికి నడుమ మాట జరుగుచుండవలెను. నడపువాడు చెప్పవలెను, హక్కుకలవాడు అడుగవలెను, అవసరమైనచో నడ్డగింపవలెను. ఈ మాట ఆగిపోయిన యింట శాస్త్రము చేయగలిగినది స్వల్పము. భారతకవి చిత్రించినది అట్టి యిండ్లనే.

3

ఆదిపర్వమున రెండు జంటలను మొదట చూతము. యయాతి తనకు వచ్చిన ముదిమిని మార్చుకొనుటకై కొడుకులను వరుసగ బిలిచి యడిగెను. నలువురు కాదనిరి, కడగొట్టువాడైన పూరుడు ఒప్పుకొనెను. కోరిక యుచితమైనది కాదు. అయినను అడుగుట మాత్రము బహిరంగముగ జరిగినది. కాదనుటకు కొడుకులకు వీలుండెను. పెద్దవారిని విడిచి చిన్నవానికి రాజ్యమిచ్చుట యెట్లని ప్రజ లడిగినప్పుడు, యయాతి కారణము చెప్పి వారి నొప్పించెను. స్వార్థపరుడైనను ఇతడు లెక్క యొప్పజెప్పిన తండ్రి.

శంతనుని తీరు వేఱు. సత్యవతిని కోరిన తండ్రి, దాశరాజు పెట్టిన నియమమును కొడుకుతో చెప్పలేదు. ఒక్క కొడుకున్నవాడు కొడుకులు లేనివానివంటివాడే యని డొంకతిరుగుడుగ పలికి యూరకుండెను. దేవవ్రతుడు వృద్ధమంత్రివలన సంగతి తెలిసికొని, తానే దాశరాజు కడకేగి, మొదట రాజ్యమును, పిదప సంతానమును త్యజించెను. ఈ ఘట్టమును పితృభక్తికి పరాకాష్ఠగ మనము బోధించుచున్నాము. అది యట్టిదే. కాని వ్యవహారదృష్టితో చూచినచో, పెరిగి పెద్దవాడైన కొడుకు ఇంటి పెత్తనమును తన చేతిలోనికి తీసికొని, తండ్రి యడుగని దానిని తండ్రికిచ్చి, తన జన్మస్వామ్యమును తానే రద్దుచేసికొనెను. తండ్రి వలదనలేదు, స్వచ్ఛందమరణమను వరమిచ్చి సంతసించెను. భీష్ముడు విడిచిన ఆ స్వామ్యము వలననే తరువాతి తరములలో కురుగృహము నిలుకడ కోలుపోయినది. కొడుకు త్యాగమెంత గొప్పదైనను, తండ్రి మౌనముపై కట్టిన కట్టడము నిలుచునది కాదని ఆదిపర్వము మనకు ముందుగనే సూచించుచున్నది.

4

ఇక ధృతరాష్ట్రదుర్యోధనులు. వీరి నడుమ ధనవ్యవహారము స్పష్టముగ కనబడునది సభాపర్వమున. ఇంద్రప్రస్థమునందలి వైభవమును చూచి వచ్చిన కొడుకు కృశించుచుండగా తండ్రి కారణమడిగెను. కొడుకు జూదము కోరెను. విదురునితో నాలోచించి చెప్పెదనని తండ్రి తప్పించుకొనజూచెను. కొడుకు ప్రాణత్యాగమునకు సిద్ధపడినట్లు పలికెను. అంతట తండ్రి సభను కట్టుటకు ఆజ్ఞాపించెను. వేయికంబముల ఆ సభకైన వ్యయము కుటుంబావసరమా, ఆపద్ధర్మమా, ధర్మకార్యమా? మూడును కాదు. నిర్వాహకుడైన తండ్రి కొడుకు నలుకను దీర్చుటకై ధనము విడుదల చేసెను. ఇంటింట మనము చూచునదే ఇది. మొదటి వ్యయము చిన్నదిగ తోచును; దానితో నిర్వాహము చేయి మారును.

చేయి మారిన క్షణమును కవి ఒక్క మాటతో చూపెను. జూదమునకు కూర్చుండునపుడు, పణముగ పెట్టు రత్నములను ధనమును ఇచ్చువాడను నేను, నా కొఱకు ఆడువాడు నా మేనమామ శకుని, అని దుర్యోధనుడు సభలో ప్రకటించెను. ఒకని కొఱకు వేఱొక డాడుట సరికాదని ధర్మజుడాక్షేపించెను. కాని ఆ ధనము నీదా, నీ తండ్రిదా అని యెవరును అడుగలేదు. సింహాసనమున కూర్చున్న తండ్రి ఎదుటనే కొడుకు భాండాగారమునకు తానే కర్తనని చాటెను, తండ్రి పలుకలేదు. పలుకకపోవుటయే కాదు. ఆట సాగుచుండగా గెలుచుకొనెనా, గెలుచుకొనెనా యని ఆత్రముతో నడిగెను. నిర్వాహమును కొడుకున కప్పగించి ఫలమును మాత్రము తాననుభవింపగోరిన యజమాని చిత్రము ఇంతకంటె క్లుప్తముగ గీయుట సాధ్యము కాదు.

అయినను ఆ యజమానికి అధికారము నశింపలేదు. అదే సభలో ద్రౌపదికి వరములిచ్చి, పాండవులను దాస్యవిముక్తులను గావించి, వారి సర్వస్వమును తిరిగి వారికే యొప్పగించి పంపినవాడు ధృతరాష్ట్రుడే. ఆ యాజ్ఞను దుర్యోధనుడు అడ్డలేకపోయెను. పిదప వచ్చి తండ్రిని వేడుకొని మరల జూదమునకు అనుమతి గొనవలసివచ్చెను. గాంధారి వలదని చెప్పినను తండ్రి అనుమతించెను. ఈ విషయము మన వాదమునకు ముఖ్యము. తండ్రి యొక్క మాట ఆ యింట చెల్లుచునే యుండెను. ఆ మాటను వాడుటకు మాత్రమే ఆతడు ఇచ్చగింపలేదు.

5

ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు సంధికై వచ్చినప్పుడు తండ్రియు కొడుకును వేర్వేఱుగ పలికిన రెండు మాటలను ప్రక్కప్రక్కను ఉంచి చూడవలెను. వ్యాసభారతమున అవి రెండును వ్యవహారశాస్త్ర పరిభాషకు మిక్కిలి దగ్గఱగ నున్నవి.

కొడుకు మాట యిది. పూర్వము నా తండ్రి వారికి ఒప్పుకొన్న అంశము నేను బ్రదికియుండగా వారికి మరల దొరకదు. ఇయ్యరానిదానిని, నేను బాలుడనై పరాధీనుడనై యున్నప్పుడు, అజ్ఞానముచేతనో భయముచేతనో ఇచ్చిరి. సూదిమొన మోపినంత నేలనైన నీయనను ప్రసిద్ధవాక్యమునే మనము జ్ఞాపకముంచుకొనుచున్నాము; దానికి ముందున్న ఈ వాదమును విడిచిపెట్టుచున్నాము. కాని ఇది మొండివాని కేక కాదు. న్యాయస్థానమున దాఖలుచేయదగిన అభ్యర్థన. తాతసొత్తును తండ్రి అన్యాక్రాంతము చేసెను, నేనప్పుడు బాలుడను, నా నిషేధాధికారమును వినియోగింపలేకపోతిని, కావున ఆ దానము చెల్లదు. మితాక్షర నెఱిగిన శ్రోత ఈ వాదముయొక్క ఆకారమును వెంటనే గుర్తింపగలడు.

అయితే వాదము ఆకారమున శుద్ధమేగాని వస్తువున శుద్ధము కాదు. ఇందు దోషములు రెండు. మొదటిది, అప్పుడు తాను బాలుడననుట అసత్యము. ద్రౌపదీస్వయంవరానంతరము పాండవులకు అర్ధరాజ్యమీయవలెనను చర్చ వచ్చినప్పుడు దుర్యోధనుడును కర్ణుడును తండ్రితో ఏకాంతమున నాలోచన జరిపి, భేదోపాయమును ఒకరు, దండోపాయమును ఒకరు సూచించిరి. ఆదిపర్వము దీనికి సాక్షి. తెలిసి యెదిరించినవాడు తెలియని బాలుడెట్లగును? రెండవది ఇంతకంటె ముఖ్యము. పాండవులకు లభించినది ధృతరాష్ట్రుని దానము కాదు. వారు పాండుపుత్రులు, వారి స్వామ్యము పుట్టుకచే వచ్చినది. ధృతరాష్ట్రుడు చేసినది ఉన్న స్వామ్యమును విడదీసి చూపుట మాత్రమే. విభాగము ఒక్కసారియే జరుగునని మనువు చెప్పెను. దాయాది హక్కును తండ్రి దానముగ మార్చి చెప్పుటయే దుర్యోధనుని వాదమునందలి కపటము. దుష్టుని నోట నిర్దుష్టమైన శాస్త్రపరిభాషను పెట్టిన కవి ప్రతిభ ఇచ్చట గమనింపదగినది.

ఇక తండ్రి మాట. నీవు చెప్పినది ధర్మమే. కాని నేను స్వవశుడను గాను, జరుగుచున్నది నాకు ప్రియము గాదు. నీవే వానిని ఒప్పింపుము, అని ధృతరాష్ట్రుడు కృష్ణునితో పలికెను. నారదస్మృతి ప్రకారము, తల్లిదండ్రులు జీవించియుండగా ఎంత వయసు వచ్చినను కొడుకు అస్వతంత్రుడు. ఇచ్చట తండ్రియే తాను అస్వతంత్రుడ నను చున్నాడు. ఆనాడు నేను పరాధీనుడ నని కొడుకు. నేడు నేను పరాధీనుడ నని తండ్రి. ఇచ్చిననాడు కొడుకు లేడట. ఇయ్యవలసిననాడు తండ్రి లేడట! ఇద్దఱును ఉన్న ఆ యింట కర్త మాత్రము లేడు. ఉద్యోగపర్వ విషాదమునకు కీలకము ఇదియేయని మా నిశ్చయము.

గాంధారి దీనిని గ్రహించినది. సభకు పిలిపింపబడినప్పుడు ఆమె మొదట నిందించినది కొడుకును గాదు, భర్తను. అతనిని సుతప్రియు డనియే యామె పేర్కొనినది. పుత్రవ్యామోహవాదులకు ఇది బలమైన యాధారమని మేమంగీకరింతుము. కాని ఆమె మోపిన నేరమేమి? వాని పాపబుద్ధి నెఱిగియు వాని ననుసరించితివి, అట్టి మూఢునకు రాజ్యము నప్పగించితివి, దాని ఫలమును నేడనుభవించుచున్నావు అని. ప్రేమించుట నేరముగ నామె చెప్పలేదు. అప్పగించుట నేరముగ చెప్పినది. తల్లియైన ఆమెకును ప్రేమ కలదు. నిర్వాహమును ప్రేమకు బహుమానముగ నిచ్చుటయే ఆమె సహింపలేకపోయినది.

6

మా వాదమునకు ఒక ప్రబలమైన ప్రతివాదము కలదు. పదుమూడేండ్లు గడచిన పిదప ధృతరాష్ట్రుడు నిజముగనే అశక్తుడై యుండవచ్చును. కోశమును, బలమును, కర్ణాదుల సహాయమును కొడుకు చేతిలోనికి పోయినవి. నామమాత్ర స్వామి ఆజ్ఞ యిచ్చినను నడచియుండెడిది కాదేమో. ఈ ప్రతివాదమున సత్యము కొంత కలదు. అయినను అది మా సిద్ధాంతమును ఖండింపక, దానికి కాలక్రమమును చేర్చుచున్నది. సభను కట్టించినపుడు, పణములను కొడుకు తనవిగ ప్రకటించినపుడు, రెండవ జూదమున కనుమతి యిచ్చినపుడు అధికారము తండ్రి చేత నుండెను. మూడు తడవలును ఆతడు దానిని జాఱవిడిచెను. ఉద్యోగపర్వమునాటి అశక్తత విధి తెచ్చినది కాదు. విడతలుగ తానే కూడబెట్టుకొన్నది. అప్పటి అశక్తతను జూపి మొదటి మౌనమును క్షమింపజాలము.

7

ఈ వ్యవహారమునకు కడపటి పద్దు ఆశ్రమవాసపర్వమున కలదు. విద్యార్థులును పరిశోధకులును ఈ పర్వమును తగినంత చదువకుండుట విచారకరము. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు ధర్మజుని యింట నుండెను. ఆస్తి లేదు, కొడుకులు లేరు, తమ్ముని కొడుకు పెట్టిన కూడు. ధర్మజుడు అతనికి లోటు రానీయలేదు; సోదరులు నట్లే వర్తింపవలెనని శాసించెను. భీముడు మాత్రము చాటుగ నొప్పించుచుండెను. వృద్ధుడు ఎవరికిని చెప్పక ఆహారము తగ్గించుకొని, నేలపై శయనించుచుండెను. తుదకు వనమునకు పోవుటకు ధర్మజుని అనుమతి గోరెను. ఒకనాడు రాజ్యమిచ్చుటయు ఇయ్యకుండుటయు తన చేత నున్న యజమాని, నేడు ఇల్లు విడిచి పోవుటకే కొడుకువంటివానిని అడుగవలసివచ్చెను.

అంతటితో ముగియలేదు. పోవుటకు ముందు భీష్మాదులకును, చనిపోయిన కొడుకులకును శ్రాద్ధము పెట్టుటకు ధనము కావలెనని విదురునిచే అడిగించెను. భీముడు ఈయరాదనెను, ఆ కొడుకులు చేసిన పనులను ఏకరువుపెట్టెను. అర్జునుడు వారించెను. ధర్మజుడు, భీముని మాట మనసున పెట్టుకొనవలదని విన్నవింపుమనియు, తన సొంత గృహమునందలి ధనమునుండి కావలసినంత గైకొనవచ్చుననియు, తన దేహమును ధనమును పెదతండ్రికి అధీనములనియు విదురునితో చెప్పి పంపెను.

ఈ ఘట్టమున వ్యవహారన్యాయ మెవరి పక్షమున నున్నది? భీముని కోపము న్యాయమైనదే. ఆ ధనమున ధృతరాష్ట్రునకు హక్కు లేదు. ధర్మజుడు ఆ హక్కును వాదింపలేదు. భీముని మాట కొట్టివేయనులేదు. అందఱిదైన కోశమును తన దయకు వాడక, తన పాలినుండి ఇచ్చెను. సోదరుని అసమ్మతి నెఱిగి, ఉమ్మడిసొత్తును ముట్టక, పెద్దవాని గౌరవమును కాపాడిన ఈ పద్ధతియే, సభాపర్వమున దుర్యోధనుడు చేసిన ప్రకటనకు సమాధానము. అతడు తండ్రిదానిని నాదనెను. ఇతడు తనదానిని నీదనెను. కురుగృహమున తొలిసారిగ అడుగువాడు అడిగెను, కాదనువాడు కాదనెను, ఇచ్చువాడు తన లెక్కనుండి ఇచ్చెను. మాట జరిగినది. కాని అది జరుగునప్పటికి పంచుకొనుటకు మిగిలినది శ్రాద్ధద్రవ్యము మాత్రమే.

8

మితాక్షర నిర్మించిన గృహము నేడు అట్లే నిలిచియుండలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమును, ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చిన సవరణయు, దేశమంతటికిని 2005 సెప్టెంబరు 9 నుండి వర్తించిన సవరణయు ఆ గృహపు గోడలను మార్చినవి. కుమార్తెకును పుట్టుకతోనే స్వామ్యము కలిగినది. తండ్రీకొడుకులు అను మాట ఇకపై ఆ వ్యవహారమును సంపూర్ణముగ చెప్పజాలదు. 2005 సవరణ తరువాతి తండ్రి ఋణములను కేవలము పుత్రధర్మమను హేతువుచే కొడుకుపై మోపుటయు నిలిచిపోయినది. 2007లో వృద్ధులైన తల్లిదండ్రుల పోషణమునకు వేఱుగ చట్టము వచ్చినది. చూచెదనను నియమముతో ఆస్తి వ్రాయించుకొని చూడనివాని కడనుండి దానిని రద్దుచేయించు నవకాశమును అది కల్పించినది. ఆశ్రమవాసపర్వము చదివినవారికి ఈ చట్టమేల యవసరమయ్యెనో చెప్పనక్కరలేదు.

స్వామ్యమును చట్టము పంచగలదు. నిర్వాహమునకు నియమములు పెట్టగలదు. ఆ రెంటికి నడుమ జరుగవలసిన మాటను మాత్రము చట్టము పలికింపలేదు. అది కావ్యమునకు విషయము. కావుననే ధృతరాష్ట్రుని గూర్చి వ్రాయు విద్యార్థి వ్యామోహమను నొక్క మాటతో తృప్తిచెందక, ఆతడు ఎప్పుడు పలుకగలిగియు పలుకలేదో, పర్వము పేరును సందర్భమును చూపి లెక్క వ్రాయవలెనని మేము కోరుచున్నాము. ప్రేమ యొక్కటే కారణమనుట ఆ తండ్రిని క్షమించుట. మౌనములను లెక్కించుట ఆతనిని చదువుట.